తడిగుడ్డ ఏనుగు

బేకరీ వెనక ఇల్లు
డిసెంబరు 4

వదినగారికి,

మన ఉడత నిన్న మధ్యాహ్నం చేరింది. అల్లుడుగారు దాన్ని గుమ్మంలో దింపి, కాఫీ అయినా తాగకుండా వచ్చిన జీపులోనే వెళ్ళిపోయారు. మీ దగ్గర్నుంచి తీసుకొస్తూ దారిలో రెండు రోజులు క్యాంపులో వాళ్ళమ్మ దగ్గర ఉంచారట. సొరంగం తవ్వే చోట, ఆ రేకుల గదిలో పిల్లకు ఏం తోచిందో పాపం. మా అమ్మాయికి ఆ క్యాంపు ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగేసరికే ఒళ్ళు హూనమవుతుంది. ఇక పిల్లతో ఏం ఆడుతుంది.

మన ఒప్పందం ప్రకారం ఈ మూడు నెలలూ మనవరాలు నాది. అలా రాయకూడదని రాశాక తోచింది. కొట్టేస్తే ఇంకా బాగా కనిపిస్తుందని వదిలేశాను.

వస్తుందని బిస్కెట్లు చేసి ఉంచాను. కుందేళ్ళు, చేపలు, ఒక నక్క. మావారు బేకరీ పెట్టిన నాటి నుంచి ఎవరికీ అంత ఓపికగా చేసి పెట్టలేదు. ఉడత నక్క తోక కొరికి, నములుతూనే "అమ్మమ్మా, తడిగుడ్డతో ఏనుగు చేద్దామా" అంది. అదేమిటే అంటే, తెల్ల గుడ్డను నీళ్ళలో ముంచి అట్టపెట్టె మీద చుట్టాలట. ఆరితే రాయిలా గట్టిపడుతుందట. ఎక్కి కూర్చున్నా అణగదట. చెబుతున్నంతసేపూ దాని కళ్ళు ఇంతింత. నా నక్కకు ఆ భాగ్యం కలగలేదు.

గుడ్డ అనగానే అది ఎవరి చేతిపనో వేరే అడగక్కర్లేదు కదా. ఆ కుట్టుమిషను ముందు మీరు పుట్టి పెరిగినట్టే ఉంటారు. బొమ్మలు కుడతారని తెలుసు గానీ, ఇంతదూరం వెళ్ళారని తెలియదు. ఎలా చేశారో కాస్త రాయండి. ఊరికే తెలుసుకుందామని.

మావారు నమస్కారం చెప్పమన్నారు.

ఉడత అమ్మమ్మ


సైకిల్ షాపు మేడ
డిసెంబరు 13

వదినగారికి నమస్కారం.

అన్నయ్యగారికి కూడా. ఉడత వెళ్ళాక మేడంతా బోసిపోయింది. కింద సైకిళ్ళకు గాలి కొట్టే చప్పుడు, పైన నా మిషను చప్పుడు, అంతే. బొత్తాల డబ్బా దానికి అందకుండా అలమర పైన పెట్టేదాన్ని. ఇప్పుడు కింద పెట్టినా ముట్టుకునేవాళ్ళు లేరు.

ఏనుగు సంగతి చదివి నవ్వుకున్నాను. అదేమంత గొప్ప విషయం కాదు లెండి. గుడ్డల మధ్య బతికినవాళ్ళకు అలాంటివి చేతికి వస్తాయి, కాగితం మీద చెప్పడానికి రాదు. అయినా ఎంత పెద్ద ఏనుగని చెప్పింది? తొండం పైకి ఉందందా, కిందికి ఉందందా? పసిదానికి ఎంతమేరకు గుర్తుందో చూద్దామని అడుగుతున్నాను.

ఇంకో సంగతి. మావాడు మీకూ రాసే ఉంటాడు. వచ్చే జూన్‌లో పిల్లను బడిలో వేయాలి. క్యాంపు చుట్టుపక్కల బడి లేదు. ఇలా మూడు నెలలు మీ దగ్గర, మూడు నెలలు నా దగ్గర అంటే ఇక కుదరదు. ఏదో ఒక ఊళ్ళో వేస్తే చిన్న బడి అయ్యేదాకా అక్కడే. ఏప్రిల్ ఆఖర్లో వచ్చి "అమ్మమ్మ దగ్గర ఉంటావా, నాయనమ్మ దగ్గర ఉంటావా" అని దాన్నే అడుగుతాడట. అది ఎటు చెయ్యి చూపిస్తే అటు.

మా వీధి చివర బడికి యూనిఫాంలు కుట్టేది నేనే. నీలం గుడ్డ తానులోంచి దాని కొలతకు ఒక ముక్క తీసి పెట్టాను. తీసి పెట్టినంతలో ఏదో తేలిపోయినట్టు కాదు.

ఉడత నాయనమ్మ


బేకరీ వెనక ఇల్లు
జనవరి 6

వదినగారికి,

రాసి చెప్పడానికి రాదన్నారు. సరే, దాచుకోదగ్గ విద్యే అయి ఉంటుంది.

నేను కూర్చుని ప్రయత్నించాననుకునేరు. నాకు తీరికెక్కడిది. మావారే సరదాపడి మైదా జిగురు కాచి, పాత దుప్పటి చింపి ముంచారు. అట్టపెట్టె మీద చుట్టి ఓవెన్ పక్కన ఆరబెట్టాం. తెల్లారి చూస్తే ఏనుగు మీద ఏనుగంత చీమల బారు. ఉడత దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇలా కాదు అమ్మమ్మా" అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయింది. ఆ మర్యాద నాకు ఎక్కడో గుచ్చుకుంది.

చలికాలం కదా, వేరే ఆటలు చాలానే ఆడిస్తున్నాను. కమలాపండు తొక్క సగానికి ఒలిచి డిప్పల్లో నూనె పోసి దీపాలు పెట్టాం. రాలిన ఆకులు కాగితం కింద పెట్టి పైన రంగు పెన్సిలుతో రుద్దితే ఈనెలతో సహా ఆకు దిగింది. గోడంతా అవే అంటించింది. పిండి ముద్దతో తాళంచెవి అచ్చు తీసి తాతయ్యకు ఇచ్చింది. ఆయన ఆ బిస్కెట్ తాళంచెవిని జేబులో వేసుకుని రోజంతా తిరిగారు. ఇవన్నీ అయ్యాక, దుప్పటి కప్పుతుంటే, మళ్ళీ ఏనుగే.

మా బడి బేకరీకి ఎదురుగుండానే. మధ్యాహ్నం గంట కొడితే అది రోడ్డు దాటి వచ్చి వేడి బన్ను తిని వెళ్ళొచ్చు. మీ మేడ మెట్లు చిన్నపిల్ల రోజూ ఎక్కి దిగడానికి మరీ నిటారు అని మావారు అంటుంటారు. నేనైతే అనలేదు.

ఉడత అమ్మమ్మ


సైకిల్ షాపు మేడ
మార్చి 10

వదినగారికి,

మెట్లు నిటారే. ఉడతలకు అలాంటివే ఇష్టం.

అది వచ్చి వారమైంది. ఈసారీ క్యాంపులో ఆగే వచ్చారు. రాగానే సంచి కూడా దించకుండా ఏమందో తెలుసా? "నాయనమ్మా, ఏనుగుకు పిల్ల పుట్టింది" అంది. తెల్లదట, తొండం పైకట, వాళ్ళమ్మ పక్కనే నిలబడి ఉంటుందట. మొత్తానికి సాధించారన్నమాట. చీమలనీ, దుప్పటనీ నాకు కబుర్లు రాసి, వెనకాల ఏనుగును నిలబెట్టి దానికో పిల్లను కూడా పెట్టారు. అభినందనలు.

ఎండలు మొదలయ్యాయి కదా, ఇప్పుడు ఐసు. బొటనవేలంతే ఉంటుందట ఒక్కొక్కటి. ద్రాక్షరసంతో చేస్తారట, లోపల ఒక పండుముక్క కనిపిస్తూ ఉంటుందట. నోట్లో పెట్టుకుంటే బుగ్గ ఒకవైపు పొంగుతుందని పొంగించి చూపించింది. ఫ్రిజ్ ఉన్న ఇల్లు మీది. నాకు మట్టికుండ. అయినా కింద సోడా కొట్టు అతన్ని బతిమాలి గ్లాసులో రసం పోసి గడ్డ కట్టించాను. పిడికిలంత వచ్చింది. దాన్ని చేతిలోంచి చేతిలోకి మార్చుకుంటూ, "ఇంత పెద్దది కాదు నాయనమ్మా, ఇలా కాదు" అంది.

మరెలా అని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే మీ పేరు వినాలి కదా.

నేను దానికి ఒక గుడ్డ కుందేలు కుట్టాను. కళ్ళకు ముత్యపు బొత్తాలు పెట్టాను. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని లేని ఐసు తినిపిస్తోంది. నా కుందేలు కూడా మీ ఐసే తింటోంది వదినగారూ. నా కడుపుమంట చల్లార్చుకోవడానికి నాకు ఏ ఐసూ లేదు.

ఉడత నాయనమ్మ


బేకరీ వెనక ఇల్లు
మార్చి 19

వదినగారికి,

మీ ఉత్తరం మావారికి చదివి వినిపించలేదు. ఎందుకంటే అవును, ఏనుగుపిల్లను చేశాను, ఐసూ చేశాను. మనవరాలి కోసం ఎవరైనా చేస్తారు. మీరొక్కరే చేయాలని ఎక్కడా లేదు కదా. ఐసు దేనిలో పోశానో మాత్రం అడగకండి, నాదీ చేతికి వచ్చిన విద్యే, కాగితం మీద చెప్పడానికి రాదు. ద్రాక్షరసం అందా? ఇంకేమైనా రంగులు చెప్పిందా?

మా అమ్మాయికి ఉత్తరం రాసి చాలా రోజులైంది. నీ కూతురికి మా దగ్గర ఏ లోటూ లేదు, నీ పేరు కూడా ఎత్తడం లేదు, నిశ్చింతగా ఉద్యోగం చేసుకో అని రాశాను. ఇంతవరకు జవాబు లేదు. పని ఎక్కువై ఉంటుంది.

ఉడత అమ్మమ్మ


సైకిల్ షాపు మేడ
ఏప్రిల్ 2

వదినగారికి,

నేనూ కోడలికి అదే రాశాను. నీకోసం ఒక్కనాడూ ఏడవలేదు, మాతోనే దాని లోకం అని. నాకూ జవాబు లేదు. ఆ సంగతి అలా ఉంచండి.

నిన్న జీపు వచ్చి ఉడతను ఎక్కించుకుపోయింది. నా మూడు నెలల్లో సగమైనా కాలేదు. అన్నయ్యగారికి మనవరాలిని చూడాలని బెంగ పట్టుకుందని మీరు మావాడికి రాశారట. మొన్నటిదాకా లేని బెంగ సరిగ్గా ఏప్రిల్‌లోనే ఎందుకు వచ్చిందో నాకు తెలియదనుకున్నారా? అడిగేరోజుకు పిల్ల మీ ఇంట్లో, మీ ఐసు బుగ్గన పెట్టుకుని ఉండాలి. అంతే కదా. మీరు తడిగుడ్డతో ఏనుగులే చేస్తారనుకున్నాను, గొంతులు కూడా కోస్తారని ఇప్పుడు తెలిసింది.

నీలం గౌను కుట్టడం అయింది. మడత పెట్టి ట్రంకులో అడుగున వేశాను.

ఇకమీదట పనుంటే మా అబ్బాయి ద్వారా చెప్పండి.

ఉడత నాయనమ్మ


బేకరీ వెనక ఇల్లు
ఏప్రిల్ 12

వదినగారికి,

ఈ కోడిగీతలు చూసి కంగారు పడకండి. ఎడమచేత్తో రాస్తున్నాను. పనుంది కానీ మీ అబ్బాయి ద్వారా చెప్పే పని కాదు.

మీరు రాసింది నిజమే. మావారికి ఏ బెంగా లేదు. అల్లుడుగారు వచ్చేలోగా ఏదో ఒకలా ఏనుగును నిలబెట్టాలని పట్టుదల పట్టాను. అటక మీద పాత కేకు అచ్చు ఉంటే, అది లోపల పెట్టి చుడదామని స్టూలు ఎక్కాను. నేల మీద మైదా ఉంది, స్టూలు జారింది. కుడిచేయి మణికట్టు దగ్గర విరిగింది.

మావారు నన్నూ ఉడతనూ రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కాంపౌండరు ఒక తెల్ల చుట్ట విప్పి, బేసిన్‌లో నీళ్ళలో ముంచి, నా చేతికి చుట్టడం మొదలుపెట్టాడు. పిండికట్టు ఎవరు చూడలేదు చెప్పండి. నేనూ చూశాను, మీరూ చూసే ఉంటారు. అయినా తట్టలేదు. ఉడత బల్ల మీద గడ్డం ఆనించి చూస్తూ, "అమ్మమ్మా, ఏనుగు గుడ్డ" అంది.

అప్పుడు అడిగాను, ఆ ఏనుగు ఎవరు చేశారే అని. ఇన్ని నెలల్లో అదే మొదటిసారి అడగడం.

"అమ్మ" అంది.

డ్యూటీ దిగి వచ్చి చేస్తుందట. గడువు దాటిన కట్టు చుట్టలు పారేయమంటే పారేయకుండా గదికి తెచ్చుకుంటుందట. మందుల అట్టపెట్టెలు పేర్చి, ఇద్దరూ కలిసి చుట్టారట. మొన్న ఫిబ్రవరి ఆఖర్లో వెళ్ళినప్పుడు పిల్ల ఏనుగు. ఐసు పోసేది మందు కొలిచే బుల్లి గ్లాసుల్లోనట, గడ్డ కట్టించేది ఆసుపత్రి ఫ్రిజ్‌లోనట. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే" అంటే, "ఎవరు చేశారని నువ్వు అడగలేదు. ఇలా కాదు అంటే నీకూ నాయనమ్మకూ కోపం వస్తుంది" అంది. కాంపౌండరు నవ్వాడు. మావారు నవ్వలేదు.

నేను ఏనుగూ చేయలేదు, పిల్లనూ చేయలేదు, ఐసూ చేయలేదు. నాలో ఓర్వలేనితనం తప్ప ఏ పనితనమూ లేదు. నా కడుపున పుట్టిన పిల్లకు చేతిపని రాదని ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని. ఇక మీ ఏనుగు సంగతి మీరే చెప్పండి.

ఉడత అమ్మమ్మ


సైకిల్ షాపు మేడ
ఏప్రిల్ 20

వదినగారికి,

చెయ్యి ఎలా ఉంది? బరువులెత్తకండి. పిండి కలిపే పని అన్నయ్యగారికి అప్పగించండి, చీమల అనుభవం ఆయనకు ఉంది కదా.

నేనూ చేయలేదు. మీ మొదటి ఉత్తరం చూడగానే, ఇదేదో మీ ఇంట్లో పుట్టిన ముచ్చటై ఉంటుంది, నన్ను ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. కాదని రాయడానికి కలం పట్టుకున్నాను. కానీ మీరు నన్ను చూసి కుళ్ళుకుంటున్నారని అర్థమయ్యాక, ఆ సుఖం వదులుకోబుద్ధి కాలేదు. తర్వాత గంజి కాచి నేనూ ఒకటి చేశాను. అది ఏనుగు కాదు, తడిసిన దిండు.

మీ ఉత్తరం చదివాక నాకు సిగ్గు వేయాలి. ముందు వేసింది మాత్రం కుళ్ళే, ఈసారి కోడలి మీద. దానికి సూదిలో దారం ఎక్కించడం రాదని పెళ్ళయిన కొత్తలో పదిమందిలో అన్నాను. ఒక్క పూట కూడా కుదురుగా పిల్లతో గడపలేని మనిషి, మనిద్దరినీ కలిపి ఓడించింది. తాను ఆటలో ఉన్నట్టు కూడా దానికి తెలియదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కోడలు జవాబెందుకు రాయడం లేదో మావాడికి రాసి నిజం చెప్పమన్నాను. చెప్పాడు. కొండ దిగువ ఊళ్ళో పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం ఖాళీ ఉంది. ఉండడానికి ఇల్లు ఇస్తారు, పక్క వీధిలోనే బడి. కోడలు దరఖాస్తు రాసి పెట్టుకుంది. అంతలో మన ఉత్తరాలు చేరాయి, ఒకటి మీది, ఒకటి నాది. "నా పేరు కూడా ఎత్తని పిల్లను, అంత సంతోషంగా ఉన్నచోటు నుంచి నాకోసం లాక్కురావడం ఎందుకు" అని దరఖాస్తు పెట్టె అడుగున పడేసిందట. నెలాఖరు దాకా గడువుంది.

మనం నోరు మూసుకుంటే ఆ గడువు దాటిపోతుంది. పిల్ల మీకో నాకో మిగులుతుంది. ఈ ఆలోచన నాకు వచ్చింది, రెండు రోజులు నాతోనే ఉంది. మీకు ఈపాటికి వచ్చి ఉంటుంది, ఈ వాక్యం చదువుతుండగానే.

మీరు ఆ చేత్తో కొండ ఎక్కలేరు. నేను వచ్చి ఉడతను తీసుకుని క్యాంపుకు వెళ్ళనా? వద్దంటే వద్దని రాయండి. తప్పు పట్టను.

ఉడత నాయనమ్మ


బేకరీ వెనక ఇల్లు
ఏప్రిల్ 23

వదినగారికి,

వచ్చింది. వాక్యం పూర్తికాకముందే వచ్చింది.

రండి. దాని బట్టలు సర్దాను.

ఉడత అమ్మమ్మ


సైకిల్ షాపు మేడ
ఏప్రిల్ 29

వదినగారికి,

ఇప్పుడే ఇల్లు చేరాను. కాళ్ళు కడుక్కుని ఇది రాస్తున్నాను.

క్యాంపు మీరు చూడలేదు కదా. గదికీ గదికీ మధ్య రేకే, పక్కింట్లో దగ్గితే మనం మంచినీళ్ళు ఇవ్వాలనిపిస్తుంది. జీపు ఆగగానే ఉడత నా ఒళ్ళోంచి ఎలా జారిందో, నా చేతిలో దాని చెప్పు ఒకటి మిగిలింది. మీ అమ్మాయి డ్యూటీ బట్టల్లోనే తలుపు తీసింది. నన్ను చూసి ముందు భయపడింది. ఏదో చెడ్డ కబురు తెచ్చాననుకుంది.

వాళ్ళమ్మ చేతివేళ్ళు చూశాను. అన్నీ సూది పోట్లు. ఉడత అక్కడికి వెళ్ళినప్పుడల్లా మన పాట పాడేదట. నాయనమ్మలా కుందేలు కుట్టు, అమ్మమ్మలా నక్క బిస్కెట్ చెయ్యి అని. పెనం మీద బిస్కెట్ కాల్చబోయి పెనం మాడ్చిందట. "అత్తయ్యా, బొత్తం కళ్ళు ఊడిపోకుండా ఎలా కుడతారు" అని నన్ను అడిగింది. మీకూ నాకూ రాని పని అది. మనకు నచ్చని మనిషిని నోరు తెరిచి అడగడం.

చూపించాను. దారం రెండు పేటలు వేసి, బొత్తం కింద నాలుగు చుట్లు చుట్టమన్నాను. తర్వాత నేను చెప్పాల్సింది చెప్పాను. నీ పేరు ఎత్తదని రాశాం, మా ఇళ్ళల్లో అది అడిగిందల్లా నువ్వు చేసినవే, మేము ఒకరి మీద ఒకరం పడి చూడలేదు అన్నాను. కోప్పడుతుందనుకున్నాను. తాను కుడుతున్న కుందేలు చేతిలో పెట్టుకుని, దాని చెవి సాగదీస్తూ, "నిజంగా ఏనుగే అడిగిందా" అని అడిగింది. నిజంగా అని మూడుసార్లు చెప్పించుకుంది. పెట్టె అడుగు నుంచి దరఖాస్తు తీయించి, నా ఎదుటే సంతకం పెట్టించాను. మావాడు వారానికోసారి కొండ దిగి వస్తాడట, అదేమంత దూరం కాదన్నాడు.

నేను బస్సెక్కుతుంటే ఉడత ఏడవలేదు. మా ఇంటి నుంచి పంపించిన ప్రతిసారీ జీపు కనుమరుగయ్యేదాకా ఏడ్చేది. మీ గుమ్మంలోనూ అంతేనని మావాడు చెప్పాడు. నేను ఆ ఏడుపును దాచుకునేదాన్ని వదినగారూ. నన్ను వదల్లేకే అని, మీ దగ్గర ఏడ్చినదానికంటే ఇక్కడ ఏడ్చిందే ఎక్కువని. ఈసారి చెయ్యి ఊపింది. బస్సు కదలకముందే వాళ్ళమ్మ కొంగు లాగి ఏదో చెబుతూ వెనక్కి తిరిగింది. పిల్లలు ఉండిపోయే చోట ఎందుకు ఏడుస్తారు.

దిగువ ఊళ్ళో బస్సు మారాలి. ఆసుపత్రి ఆఫీసుకు నడిచి వెళ్ళి, కిటికీలోంచి దరఖాస్తు ఇచ్చాను. గుమాస్తా చూసి, "ఆవిడే రావచ్చు కదా, మీరేమవుతారు" అన్నాడు. అత్తగారిని అన్నాను. ముద్ర వేసే మనిషి భోజనానికి వెళ్ళాడు, అక్కడ పెట్టి వెళ్ళండి అన్నాడు. పెట్టాను. రెండు అడుగులు వేసి మళ్ళీ వచ్చి తీసుకున్నాను. పోగొడతారేమోనని కాదు. నా సంచిలో మడిచి పెట్టుకుని, గడువు దాటిపోయిందటమ్మా అని ఒక్క ఉత్తరం రాస్తే చాలు కదా అనిపించింది. ట్రంకులో నీలం గౌను కళ్ళముందు కదిలింది. ముద్ర మనిషి వచ్చేదాకా ఆ కిటికీ ఊచ పట్టుకునే నిలబడ్డాను, చెయ్యి వదిలితే నా మీద నాకు నమ్మకం లేక.

వచ్చాడు. వేశాడు. అప్పుడు ఊచ వదిలి, బస్సు కోసం నడిచాను.

ఉడత నాయనమ్మ